కళింగం చదవాలంటే చీనా రావాలి

తూర్పు ఆసియా భాషలలో, సంస్కృతులలో పట్టా పుచ్చుకోవడానికి ఏమేమి చదివి ఉండాలి? ఈ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. ఒకటి ఈనాటి విశ్వవిద్యాలయాలు ఇచ్చేది. రెండవది పదమూడు శతాబ్దాల కిందట ఒక చీనా భిక్షువు ఇచ్చినది. అయితే ఆయన ప్రశ్నను తిరగేసి అడిగాడు: చీనా దేశం నుంచి వచ్చేవాడు మన దేశంలో చదువుకోవాలంటే ముందుగా ఏమి నేర్చి ఉండాలి? ఈ రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, మన శ్రీకాకుళం, విజయనగరం సీమల చరిత్రలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక లోటు కనబడుతుంది.

ఆ భిక్షువు పేరు ఇత్సింగ్. 671లో కాంటన్ రేవులో ఓడ ఎక్కాడు. నేరుగా ఇక్కడికి రాలేదు. సుమత్రా దీవిలోని శ్రీవిజయంలో ఆరు నెలలు ఆగి శబ్దవిద్య, అనగా సంస్కృత వ్యాకరణం, మొదలుపెట్టాడు. 673లో తామ్రలిప్తి చేరి అక్కడ కూడా భాష మీదే కూర్చున్నాడు. ఆ తరువాతనే నలందా. అక్కడ సుమారు పదేళ్ళు. తిరుగు ప్రయాణంలో మళ్ళీ శ్రీవిజయంలో మకాం పెట్టి, 691 ప్రాంతంలో రాసి స్వదేశానికి పంపిన గ్రంథంలో భారతీయుల చదువు ఎట్లా సాగుతుందో వివరించాడు. ఆరవ ఏట సిద్ధం, అంటే అక్షరాలు, గుణింతాలు. అందుకు ఆరు నెలలు. ఎనిమిదవ ఏట పాణిని సూత్రాలు. వెయ్యి శ్లోకాల పరిమాణం, ఎనిమిది నెలల్లో కంఠస్థం. తరువాత ధాతుపాఠం. పదవ ఏట నుంచి మూడేళ్ళు ఖిలాలు. పదిహేనవ ఏట జయాదిత్యుని వృత్తి, దానికి అయిదేళ్ళు. పండితుడు కాదలచినవాడికి ఆ పైన మహాభాష్యం, అది మరో మూడేళ్ళు. ఇంత చెప్పి, చీనా నుంచి చదువుకు వచ్చేవారు ఈ వృత్తిని ముందుగా నేర్వకపోతే వారి శ్రమంతా వృథా అని కుండబద్దలు కొట్టినట్టు హెచ్చరించాడు. దూరదేశం నుంచి వచ్చే విద్యార్థికి పెట్టిన ప్రవేశార్హత నియమాల్లో ఇంత కచ్చితమైనది ఆ కాలపు రచనల్లో మరొకటి నా కంట పడలేదు.

ఈ పాఠ్యక్రమం విజయనగరంవారికి కొత్తగా తోచదు. మహారాజావారి సంస్కృత కళాశాల అక్కడ 1860లో వెలసింది. శబ్దాలు, అమరం, ఆ పైన కౌముది, శేఖరం, భాష్యం. మెట్ల పేర్లు కొంత మారాయి కాని నిచ్చెన అదే. మహామహోపాధ్యాయ తాతా సుబ్బరాయశాస్త్రిగారి వంటి వైయాకరణులు పాఠం చెప్పిన ఊరది. ఇత్సింగ్ అడిగిన అర్హతలన్నీ ఉన్న విద్యార్థులు ఆ ఊళ్ళో వీధికి నలుగురుండేవారు. కాని అటువైపు నుంచి వచ్చినవాడు మన వ్యాకరణం నేర్చి మన గురించి రాసిపెట్టుకున్న పుస్తకాన్ని తెరిచి చదవగలిగిన వాళ్ళు మాత్రం ఆ ఊళ్ళో తయారు కాలేదు.

ఆ పుస్తకాల్లో ముఖ్యమైనది హుయాన్‌త్సాంగ్‌ది. ఆయన మన దారిన రావడమే ఒక విశేషం. తామ్రలిప్తి నుంచి ఓడలో సింహళం పోదామనుకున్నాడు. సముద్రంలో ప్రమాదాలు ఎక్కువ, నేల దారిన దక్షిణానికి పోయి అక్కడ నుంచి దాటడం మేలని ఒక దక్షిణాది భిక్షువు సలహా ఇచ్చాడట. అందుచేత ఓడ్రదేశం మీదుగా, చిలక సరస్సు పక్కనున్న కొంగోద మీదుగా నడిచి, మహారణ్యం గుండా నైరుతికి పధ్నాలుగు పదిహేను వందల లీలు వచ్చి, కళింగం చేరాడు. 630ల చివరి మాట ఇది. లీ అంటే చీనా కొలత. మన మైలులో మూడో వంతుకు కాస్త అటూ ఇటూ.

కళింగం గురించి ఆయన చెప్పింది కొద్దే అయినా ప్రతి వాక్యమూ పనికొచ్చేదే. రాజ్యం చుట్టుకొలత అయిదు వేల లీలు, రాజధాని చుట్టుకొలత ఇరవై లీలు. అడవుల్లో నల్లని ఏనుగులు, ఇరుగు పొరుగు రాజ్యాలవారికి వాటి మీద మోజు. ఒకప్పుడు జనం భుజం భుజం ఒరుసుకొనేటంత కిక్కిరిసి ఉండేవారని, ఒక ఋషి శాపం చేత దేశం పాడుపడి తరువాత మెల్లగా నిండుతున్నా ఇంకా జనం పలచనేనని ఒక కథ. పది సంఘారామాలు, అయిదు వందల మంది భిక్షువులు. దేవాలయాలు మాత్రం నూటికి పైన. అంటే సాలిహుండం, రామతీర్థం దగ్గరి గురుభక్తుల కొండ వంటి చోట్ల ఇటుకలు చెక్కు చెదరకముందే ఈ సీమలో బౌద్ధం అల్పసంఖ్యకు దిగిపోయిందన్నమాట. ప్రజల మాట మధ్యదేశపు మాట కంటె వేరుగా ఉంటుందని కూడా గమనించాడు. ఆంధ్రదేశం చేరినప్పుడు మరింత వివరంగా, భాషా వాక్యనిర్మాణమూ వేరు, లిపి మాత్రం చాలా వరకు ఒకటే అన్నాడు. లిపి వేరు, భాష వేరు అన్న వివేకం అతనికి ఎలా వచ్చిందంటే, వ్యాకరణం చదువుకొని రావడం వల్ల.

రాజధాని పేరు మాత్రం ఆయన చెప్పలేదు. దానితో మనవాళ్ళకు చిక్కు వచ్చిపడింది. 1871లో కన్నింగ్‌హామ్ లీల లెక్క కట్టి అది రాజమహేంద్రవరం అన్నాడు. శాసనాలు చదివినవారు వంశధార ఒడ్డున ఉన్న ముఖలింగమే గాంగుల కళింగనగరమన్నారు. అలా అన్నవారిలో మన గిడుగు రామమూర్తి పంతులుగారొకరు. రాజమహేంద్రవరానికీ ముఖలింగానికీ ఎంత దూరమో చదువరులకు తెలుసు. ఒక రాజ్యపు ముఖ్యపట్టణం అంత దూరం జరగడానికి కారణం ఒక చీనా వాక్యంలోని దిక్కునూ దూరాన్నీ ఎలా పట్టించుకోవాలన్న దాని దగ్గర ఉన్నది. ఆ వాక్యాన్ని మూలంలో చదవగలవాడు ఈ జిల్లాల్లో ఒక్కడుంటే ఆ చర్చ మరోలా సాగేది. మనం చదివిందల్లా ఫ్రెంచి నుంచి, ఇంగ్లీషు నుంచి.

ఫ్రెంచి అనువాదం చేసినవాడు స్తానిస్లాస్ జూలియన్. ప్యారిస్‌లో చీనా ఆచార్యుడు. హుయాన్‌త్సాంగ్ గ్రంథాన్ని అనువదించాలంటే చీనా వస్తే చాలదని, అందులోని పేర్లన్నీ సంస్కృతమని గ్రహించి, అందుకోసమే సంస్కృతానికి కూర్చున్నాడు. అనువాదం 1857, 58 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా వెలువడింది. చీనా అక్షరాల్లో దాగిన సంస్కృత నామాలను విప్పడం ఎలాగో చెప్పే పద్ధతి గ్రంథాన్ని 1861లో అచ్చు వేశాడు. విజయనగరంలో సంస్కృత కళాశాల వెలసిన మరుసటి సంవత్సరమే! సంస్కృతం రాని ప్యారిస్ పండితుడు సంస్కృతం నేర్చాడు. సంస్కృతం కొట్టినపిండి అయిన మన పండితులకు చీనా నేర్వవలసిన అగత్యం ఉందని చెప్పినవారే లేరు. ఇది వారి తప్పని నేననను. కళాశాల పెట్టినది శాస్త్రరక్షణ కోసం, చరిత్ర పరిశోధన కోసం కాదు. పైగా ఆ ఊరికి పరభాషలంటే విముఖత ఎన్నడూ లేదు. ఆదిభట్ల నారాయణదాసుగారు పారసీకం నేర్చి ఉమర్ ఖయ్యాం రుబాయతులను సంస్కృతంలోనికీ అచ్చతెనుగులోనికీ దించారు. విజయనగరం చూపు పడమటికి పారసీకం దాకా పోయింది. తూర్పుకు మాత్రం సముద్రం దగ్గరే ఆగింది.

ఆ పేర్ల సంగతి కొంచెం చెప్పాలి, రుచి తెలుస్తుంది. కళింగం అన్న మాటకు హుయాన్‌త్సాంగ్ వాడిన మూడక్షరాలను ఈనాటి బీజింగ్ ఉచ్చారణలో చదివితే 'జ్యేలింగ్‌ఛ్యే' వంటిది వస్తుంది. కళింగమని పోల్చుకోవడం కష్టం. కాని తాంగ్ రాజుల కాలంలో ఆ మొదటి అక్షరం కకారంతో మొదలై తకారంతో ఆగేది. జపనీయులు ఆ కాలంలోనే అక్షరాలను ఎరువు తెచ్చుకున్నారు గనుక వారి నోట ఆ అక్షరం నేటికీ 'కత్సు' అనే నిలిచి ఉంది. చీనా అక్షరానికి పాత పలుకు తెలియాలంటే జపాను పలుకు సాక్ష్యం కావాలి, సంస్కృత పదం సాక్ష్యం కావాలి. అందుచేతనే ఈ చదువులో ఒక భాష చాలదు.

నాగార్జునుడి పేరు ఇంకా చమత్కారం. కుమారజీవుడు మొదలైన పూర్వులు ఆయనను 'లుంగ్‌షు' అన్నారు. నాగవృక్షం అని అర్థం. అర్జునమంటే మద్ది చెట్టు కదా, తెల్లమద్ది. హుయాన్‌త్సాంగ్ దాన్ని దిద్ది 'లుంగ్‌మెంగ్' అన్నాడు, నాగపరాక్రముడని. అర్జునశబ్దంలో ఒకరికి చెట్టు కనబడింది, మరొకరికి వీరుడు. మన నిఘంటువుల్లో జరగవలసిన చర్చ చీనా అక్షరాల్లో జరిగిపోయింది.

పేర్లతో పోతే సరే. పుస్తకాలకు పుస్తకాలే అటు పోయాయి. నాగార్జునుడు సాతవాహన రాజుకు రాసినట్టు చెప్పే సుహృల్లేఖకు చీనాలో మూడు అనువాదాలున్నాయి. ఒకటి ఇత్సింగ్ చేసినదే. సంస్కృత మూలం మనకు దక్కలేదు. వేంగి దగ్గరి కొండ మీద కూర్చుని దిఙ్నాగుడు హేతువిద్య రాశాడని హుయాన్‌త్సాంగ్ చెప్పాడు. ఆ దిఙ్నాగుడి న్యాయముఖం చీనాలోనే నిలిచింది. జపాను నారా నగరపు మఠాల్లో దాన్ని ఆధారం చేసుకొని శతాబ్దాల తరబడి తర్కం చదివారు. ధాన్యకటకం దగ్గర భావవివేకుడు కొండరాతిలోకి వెళ్ళిపోయాడని ఒక కథ. ఆయన కరతలరత్నాన్ని హుయాన్‌త్సాంగ్ స్వయంగా చీనాలోకి తెచ్చాడు. మూలం నశించగా, 1949లో ఎన్. అయ్యస్వామి శాస్త్రిగారు ఆ చీనా పాఠం నుంచి దానిని తిరిగి సంస్కృతంలోకి మార్చి శాంతినికేతనం నుంచి ప్రకటించారు. తెలుగుదేశపు గ్రంథం తెలుగుదేశానికి తిరిగి రావలసిన దారి అది: అమరావతి, చాంగాన్, శాంతినికేతనం. ఆ ధాన్యకటకంలోనే హుయాన్‌త్సాంగ్ కొన్ని నెలలుండి, సుభూతి, సూర్యుడు అన్న ఇద్దరు భిక్షువుల వద్ద మహాసాంఘికుల అభిధర్మం చదువుకొని, బదులుగా వారికి మహాయాన శాస్త్రాలు చెప్పాడు. ఇచ్చిపుచ్చుకోవడమంటే అది.

శ్రీకాకుళానికి తిరిగి వద్దాం. కళింగపట్నం దగ్గర, వంశధార దక్షిణపు గట్టు మీద సాలిహుండం కొండ ఉంది. 1919లో దానిని లోకం దృష్టికి తెచ్చినవారు గిడుగు రామమూర్తిగారే. అక్కడి స్తూపాలు, చైత్యాలు, ధాతుకరండాల గురించి చాలామంది రాశారు. నాకు ఆసక్తి కలిగించేది అక్కడ దొరికిన శిల్పాల్లోని మారీచి. తారను గుర్తుపట్టే యాత్రికులు కూడా మారీచి దగ్గర తడబడతారు. మన గుళ్ళలో ఆ దేవత లేదు. అదే మారీచి ధారణిని 8వ శతాబ్దంలో అమోఘవజ్రుడు చీనాలోకి తీసుకుపోగా, అక్కడ నుంచి జపాను చేరి 'మరిషితెన్' అయింది. సమురాయి యోధులు యుద్ధానికి వెళ్ళేముందు కొలిచే దేవత. సాలిహుండంలో శిల్పం మిగిలింది, పూజ పోయింది. జపానులో పూజ ఉంది. ఈ శిల్పం చేతుల్లో ఏమున్నదో, ఎందుకున్నదో తెలుసుకోగోరే శ్రీకాకుళపు విద్యార్థి ఏ భాష నేర్వాలి?

ఇక్కడ రామమూర్తిగారి మరో పని ప్రస్తావించక తప్పదు. 1863లో ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, విజయనగరంలో గురజాడకు సహాధ్యాయిగా చదివి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన ఆయన సవర భాష నేర్చారు. పాఠ్యపుస్తకం లేదు, లిపి లేదు, పరీక్ష లేదు, పట్టా లేదు. మాట్లాడేవాళ్ళను ఇంట పెట్టుకొని, విని, రాసుకొని నేర్చారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. ఆ భాష ముండా శాఖది. 1906లో విల్హెల్మ్ ష్మిట్ ముండా భాషలనూ మోన్-ఖ్మేర్ భాషలనూ ఒక్క కుటుంబంగా చూపి ఆస్ట్రో-ఆసియాటిక్ అన్న పేరు పెట్టాడు. కంబోడియా ఖ్మేర్, వియత్నామీయం ఆ కుటుంబానివే. వియత్నాం వెయ్యేళ్ళకు పైగా చీనా అక్షరాల్లో చదువుకున్న దేశం. తూర్పు ఆసియా సంస్కృతుల పాఠ్యప్రణాళికల్లో చీనా, జపాను, కొరియాల పక్కన తరచు దానికీ చోటుంటుంది. అంటే తూర్పున ఎక్కడో ఉన్నదనుకున్న చదువుకు మొదటి తరగతి గది సీతంపేట కొండల్లో ఉందన్నమాట. సీతంపేట ఇప్పుడు, 2022 నుంచి, పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. విజయనగరంలో 2019 నుంచి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం నడుస్తున్నది. సవరను ఒక జాతి ఆచారవ్యవహారాల అనుబంధంగా కాక, ఖ్మేర్‌కూ వియత్నామీయానికీ బంధువైన భాషగా చెప్పవలసిన చోటు అదే అని నా అభిప్రాయం.

ఇక ఈనాటి పట్టాల సంగతి. అమెరికాలోనూ ఐరోపాలోనూ ఈ విషయంలో డిగ్రీకి సాధారణంగా అడిగేవి: ఒక భాష మూడు నాలుగేళ్ళు, ఆ ప్రాంతపు నాగరికతా చరిత్ర ఒకటి, ఎంచుకున్న దేశం కాక పక్క దేశం గురించి కొంత, చివర ఒక పరిశోధన వ్యాసం. పాతకాలపు చీనా, దానినే మన గ్రాంథికంతో పోల్చవచ్చు, చాలా చోట్ల ఐచ్ఛికం. హుయాన్‌త్సాంగ్ రాసినది అందులోనే. వార్తాపత్రిక చదివేవాడికి మూడు వేల అక్షరాలు వస్తే గడుస్తుంది గాని, దానితో కళింగ వర్ణన చదవలేడు. మన దేశంలో శాంతినికేతనంలో తాన్ యున్-షాన్ సారథ్యాన 1937లో చీనా భవన్ వెలసింది. ఢిల్లీలో జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం చీనా, జపాను, కొరియా భాషల్లో పట్టభద్రులను తయారు చేస్తున్నది. మనకు దగ్గర హైదరాబాదు: 1958లో ఇంగ్లీషు బోధన కేంద్రంగా పుట్టి, 1972లో విదేశీ భాషలను కలుపుకొని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ. ఇంటర్మీడియెట్ ఏ గ్రూపు అయినా ఫరవాలేదు, ప్రవేశపరీక్ష గట్టెక్కితే జపనీసును ఓనమాల నుంచి చెబుతారు. ఇత్సింగ్ పెట్టిన నిబంధనతో పోలిస్తే ఎంత ఉదారం! అయితే ఇందులో ఒక కిటుకు ఉంది. భాష వస్తే కంపెనీలో ఉద్యోగం అన్న లెక్క మీద ఈ కోర్సుల్లో చేరేవారే ఎక్కువ. అందులో తప్పేమీ లేదు, ఇల్లు గడవాలి. కాని సంస్కృతం వచ్చిన విద్యార్థి ఇటు రాడు, ఇటు వచ్చిన విద్యార్థికి సంస్కృతం లేదు. జూలియన్ ఒక్కడిలో కలిసినవి మన పద్ధతిలో రెండు వేరు భవనాల్లో ఉన్నాయి.

ఉత్తరాంధ్ర పిల్లవాడికి నిజానికి కొన్ని సౌకర్యాలు పుట్టుకతో వస్తాయి. జపాను అక్షరమాల చూడండి: అ, ఇ, ఉ, ఎ, ఒ; ఆ పైన క, స, త, న, హ, మ, య, ర, వ. సిద్ధం లిపి చదువుకున్న జపాను భిక్షువుల వల్ల వచ్చిన వరుస ఇది. సకారం ఒకప్పుడు చకారానికి దగ్గరగా పలికేది, హకారం ఒకప్పటి పకారం. మార్చి చదివితే క, చ, త, న, ప, మ, య, ర, వ. మన పెద్దబాలశిక్షే! వాక్యం కూడా మనలాగే క్రియతో ముగుస్తుంది. విభక్తులు మాట వెనుక చేరతాయి. ఒకరి మాటను చెప్పేటప్పుడు మనం 'అని' అన్నచోట వారు 'తొ' అంటారు. ఈ పోలికలు చూసి సుసుము ఓనో అనే పండితుడు జపనీసుకు తమిళం మూలమన్నాడు. భాషాశాస్త్రజ్ఞులు చాలామంది ఒప్పుకోలేదు, నేనూ నమ్మను. కాని చుట్టరికం లేకపోయినా నేర్చుకోవడం సులభం. చీనా అట్లా కాదు. అక్కడ వాక్యం మనది కాదు, స్వరం మనది కాదు. ఆ కష్టానికే నాలుగేళ్ళు అడుగుతారు.

భాషాప్రవీణ చదివిన ఒక విద్యార్థి, కౌముది వచ్చినవాడు, ఆ నాలుగేళ్ళు చీనాకు ఇచ్చాడనుకుందాం. ఆ పైన రెండేళ్ళు పాత చీనా. 1924 నుంచి 1934 దాకా టోక్యోలో వంద సంపుటాలుగా అచ్చయిన తైషో త్రిపిటకం ఇప్పుడు అంతర్జాలంలో ఉచితంగా చదువుకోవచ్చు. అందులో హుయాన్‌త్సాంగ్ గ్రంథం 51వ సంపుటంలో, 2087వ సంఖ్యగా ఉంది. కళింగం మీద ఉన్నది ఒక పుట మించదు. ఇత్సింగ్ మన వ్యాకరణానికి కేటాయించమన్న కాలం కంటె ఇది తక్కువే. ఇంతకీ ఈ చదువు శాంతినికేతనంలోనే చదవదలిస్తే ఆమదాలవలసలో రైలెక్కాలి. బరంపురం, చిలక, కటకం, ఖరగ్‌పూర్ మీదుగా పోతుంది. హుయాన్‌త్సాంగ్ నడిచి వచ్చిన దారిలో చాలా మటుకు వెనక్కి.